చెడిన వలయమే ప్రశ్నాపత్రము కావలెను

మన ఇంజనీరింగ్ కళాశాలల మైక్రోకంట్రోలరు ప్రయోగశాలలలో జరుగు పరీక్షలను చూచినవారికి ఒక సంగతి విశదము కాక మానదు. అచట విద్యార్థికి సరిగా పనిచేయు కిట్టు నొకదానిని ఒప్పగించి, రికార్డులో ముందే వ్రాసియుంచిన ప్రోగ్రామును ఎక్కించుమని చెప్పి, తెరపై తరంగము కనబడగానే మార్కులు వేసి పంపుచున్నాము. కిట్టు మొరాయించినచో ల్యాబ్ అసిస్టెంటు వచ్చి దానిని ప్రక్కనబెట్టి వేఱొకదాని నమర్చును. వైవా యథాప్రకారము సాగిపోవును. ఆ ప్రక్కనబెట్టిన కిట్టు ఎందుకు పనిచేయలేదో కనుగొనుటయే ఇంజనీరు నేర్వవలసిన పని యనియు, పరీక్షలో ప్రశ్నగా రావలసినదియు అదియే యనియు నా దృఢాభిప్రాయము.

8051 మైక్రోకంట్రోలరునకు డాక్0808 చిప్పును జతపఱచు ప్రయోగమునే తీసికొందము. ఇంటెల్ సంస్థ 1980లో వెలువరించిన ఆ మైక్రోకంట్రోలరు నేటికిని మన పాఠ్యప్రణాళికలలో నిలిచియున్నది. డాక్ అనగా సంఖ్యను విద్యుత్పరిమాణముగా మార్చు సాధనము. ఎనిమిది తీగెలపై 0 మొదలు 255 వఱకు ఏ సంఖ్య వచ్చినను దానికి అనుపాతమైన కరెంటును ఈ చిప్పు తనలోనికి లాగికొనును. ప్రక్కనున్న ఆప్‌-యాంపు ఆ కరెంటును వోల్టేజిగా మార్చి అందించును. రిఫరెన్సు 10 వోల్టులుగను, నిరోధకములు 5 కిలో ఓములుగను అమర్చినచో ఒక్కొక్క మెట్టు ఎత్తు సుమారు 39 మిల్లీవోల్టులు. సంఖ్యను సున్న నుండి ఒక్కొక్కటిగ పెంచుచు పోయినపుడు ఆసిలోస్కోపు తెరపై సోపానపంక్తి యొకటి చక్కగా పైకెక్కవలెను.

అది ఎక్కకుండుటకు గల కారణములలో ఒకటి మిక్కిలి బోధప్రదమైనది. మైక్రోకంట్రోలరు పోర్టునందు పి1.0 అను కాలు అత్యల్పమైన బిట్టు, పి1.7 అత్యధికమైన బిట్టు. డాక్0808నందు మాత్రము ఎ1 అని పేరుగల కాలే అత్యధికమైన బిట్టు, ఎ8 అత్యల్పమైనది. డేటాషీటులో ఈ సంగతి స్పష్టముగా నున్నను, చిన్న అంకెకు చిన్న అంకెను కలుపుట సహజమని తలచి పి1.0ను ఎ1కును, పి1.7ను ఎ8కును కలిపిన విద్యార్థికి మెట్లు కనబడవు. వోల్టేజి ఒక అడుగున సగము ఎత్తునకు ఎగిరి, మఱుక్షణమే క్రిందికి దూకుచు, తెరయంతయు అల్లకల్లోలముగ నుండును. అది చూచి అతడు మొదట ప్రోగ్రామును శంకించును. డిలేను పెంచును, తగ్గించును, క్రిస్టల్‌ను మార్చును, తుదకు చిప్పు కాలిపోయినదని నిర్ణయించి క్రొత్తది తెప్పించును. గుడ్డెద్దు చేలోబడిన చందమున సాగు ఈ వెదకులాటలో శ్రమ యెంత యున్నను విద్య లేదు. ఏలయనగా తాను చేయుచున్న మార్పువలన ఏమి తేలునో ముందుగా ఆలోచింపకయే అతడు తరువాతి మార్పునకు పోవుచున్నాడు.

పద్ధతి తెలిసినవాడు మొదట ఆ తరంగమును ఆపివేయును. 1, 2, 4, 8 అనుచు 128 వఱకు ఎనిమిది సంఖ్యలను మాత్రమే పంపి, ప్రతిదానియొద్దను నిలిచి, మల్టీమీటరుతో వోల్టేజిని కొలిచి కాగితముపై వ్రాసికొనును. 1 పంపినపుడు 39 మిల్లీవోల్టులును, 128 పంపినపుడు 5 వోల్టులును రావలెను. అట్లుగాక 1కి 5 వోల్టులును, 2కి రెండున్నర వోల్టులును, 128కి 39 మిల్లీవోల్టులును వచ్చినచో తీగెలు తలక్రిందులైనవని వేఱుగ ఎవరును చెప్పనక్కఱలేదు. ఏదో యొక సంఖ్యకు మాత్రము సున్న పంపినప్పటి వోల్టేజియే మరల కనబడినచో ఆ బిట్టు తీగె తెగినదని గాని, బ్రెడ్‌బోర్డు రంధ్రమున సరిగా కూర్చుండలేదని గాని గ్రహింపవచ్చును. అన్నియు రెట్టింపు క్రమముననే యుండి ఎత్తు మాత్రము తగ్గినచో రిఫరెన్సును, నిరోధకములను పరిశీలింపవలెను. ఏ సంఖ్యకును చలనమే లేనిచో చిప్పునకు రుణ 15 వోల్టులు అందుచున్నవో లేదో చూడవలెను. అదియు చిప్పు కాలియొద్దనే కొలువవలెను గాని పవర్‌సప్లై మీటరును చూచి నమ్మరాదు. పెద్ద బ్రెడ్‌బోర్డులలో అనేకమునందు అంచు వెంబడి పోవు సప్లై పట్టీ నడుమ తెగియుండును గనుక ఒక సగమున విద్యుత్తు పుష్కలముగ నుండి రెండవ సగమున శూన్యమై యుండవచ్చును. ఇంతటి నిర్ణయమునకు కావలసిన ఉపకరణము సామాన్యమైన మల్టీమీటరు, ఒక పెన్సిలు.

కొన్నియెడల దోషమే యుండదు. విద్యార్థులు ప్రాజెక్టులలో విరివిగ వాడు ఎంసీపీ4725 అను పండ్రెండు బిట్ల డాక్ తన సప్లై వోల్టేజినే రిఫరెన్సుగా గైకొనును. 4096 మెట్లలో నడిమిదైన 2048ని పంపి రెండున్నర వోల్టుల కెదురుచూచినవానికి 2.35 వచ్చినచో చిప్పు అబద్ధమాడుట లేదు. యూఎస్‌బీ తీగె గుండ వచ్చు 5 వోల్టులు దారిలో 4.7కు దిగజారినవి. కొలిచి చూచినవానికి ఇది క్షణములో తెలియును. కొలువనివాడు ప్రోగ్రాములో సంఖ్యను పెంచి సరిపుచ్చుకొని, మఱొక కంప్యూటరునకు తగిలించిన దినమున మరల తికమకపడును.

సాఫ్ట్‌వేరు సిమ్యులేషను ఉండగా ఈ తీగెల గొడవ యెందులకని కొందఱు అధ్యాపకులు వాదించుచున్నారు. ప్రోటియస్ వంటి సాధనములపై నాకు గౌరవము కలదు. ప్రోగ్రాములోని తర్కమును సరిచూచుకొనుటకు అవి ఎంతయో తోడ్పడును. కాని వానిలో తీగె వదులుకాదు, గ్రౌండు కలుపుట మఱచినను చాలచోట్ల చెల్లిపోవును, సప్లై వోల్టేజి క్రుంగదు. వస్తుప్రపంచములో సంభవించు దోషములలో అధికభాగము అచటకు ప్రవేశమే లేనివి.

పరిశ్రమలు ఈ సత్యమును ఏనాడో గుర్తించినవి. జీడిమెట్ల, పాశమైలారము వంటి చోట్ల ఔషధ కర్మాగారమున వాల్వు ఎంతమేరకు తెఱచుకొనవలెనో కంట్రోలరు నిర్ణయించిన పిమ్మట, ఆ సంఖ్యను ఒక డాక్ 4 నుండి 20 మిల్లీయాంపియర్ల కరెంటుగా మార్చి తీగెపై పంపును. సున్నకు 0 మిల్లీయాంపియరును గాక 4ను కేటాయించుటలోని దూరదృష్టి యెంతయు కొనియాడదగినది. కనిష్ఠమైన ఆజ్ఞకు సైతము తీగెలో 4 మిల్లీయాంపియర్లు ప్రవహించుచునే యుండును గనుక, కరెంటు పూర్తిగా శూన్యమైనచో తీగె తెగినదని గాని సాధనము నిలిచిపోయినదని గాని వెంటనే తెలిసిపోవును. ఆ ప్రమాణమును కల్పించినవారు దోషము వచ్చి తీరునని ముందే యెఱిగి, దానిని కనుగొను మార్గమును సంకేతములోనే ఇమిడ్చిరి. అట్టి కర్మాగారములో రేపు ఉద్యోగమునకు చేరబోవు యువకునికి, యువతికి మనము చెడిన కిట్టును చూపక దాచుచుండుట నాకు బాధ కలిగించుచున్నది.

కావున నేను కోరునది ఇది. ప్రాయోగిక పరీక్షలో విద్యార్థి యెదుట, పరీక్షకుడు బుద్ధిపూర్వకముగ ఒక దోషము ప్రవేశపెట్టిన వలయము నుంచవలెను. రెండు డేటా తీగెలను తారుమారు చేయవచ్చును, ఆప్‌-యాంపు గ్రౌండును విప్పవచ్చును, 5 కిలో ఓముల నిరోధకమునకు బదులు 50 పెట్టవచ్చును. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఎక్కువ మార్కులు తరంగము కనబడినందులకు గాక, విద్యార్థి ఏమి కొలిచెను, ఆ కొలతవలన దేనిని నిర్దోషియని త్రోసివేసెను, తరువాత ఎక్కడికి పోయెను అను వివరమును వ్రాసిన కాగితమునకు వేయవలెను. కాలము ముగియునప్పటికి దోషము దొరకకపోయినను వెదకిన క్రమము సరియైనదైనచో ఆ విద్యార్థి నిస్సందేహముగ ఉత్తీర్ణుడు కావలెను.

ఇట్టి కాగితములను దిద్దుట అధ్యాపకులకు భారమగునను మాట నిజమే. ఒకే తీరు సమాధానములు రావు, ప్రతిదానిని చదివి తూచవలసియుండును. అందులకు వారికి తగినంత సమయమును, పరీక్షకు ముందు ఆ దోషములను స్వయముగ వెదకి చూచుకొను అవకాశమును యాజమాన్యములు కల్పించితీరవలెను. పాఠ్యప్రణాళికను తామే రూపొందించుకొను స్వయంప్రతిపత్తి గల కళాశాలలు ఏ విశ్వవిద్యాలయపు ఉత్తర్వుకొఱకును కాచియుండనక్కఱలేదు; వచ్చు సెమిస్టరు మైక్రోకంట్రోలరు ల్యాబునుండియే వారు దీనిని మొదలుపెట్టవచ్చును.