కాగితం మీద ధర

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావగారు దిగారు. ఆయన మా ఆవిడకు పెద్దన్నగారు. కాపురం రావులపాలెం దగ్గర. అందుచేత ఎప్పుడు వచ్చినా చేతిలో చక్కెరకేళీ అత్తం ఒకటి వుంటుంది. ఈసారి అత్తంతో పాటు కోపం కూడా పట్టుకొచ్చారు.

"చూశారా బావగారూ, ఎంత అన్యాయమో! రోడ్డు వెడల్పు చేస్తామని నా స్థలంలో ముక్క కోసేశారు. పరిహారం అంటూ బజారు ధరలో మూడోవంతు నా మొహాన కొట్టారు" అన్నారు, చెప్పులైనా విప్పకుండా.

"ఏ లెక్కన కట్టారు?" అన్నాను.

"దస్తావేజులో వున్న లెక్కన."

"దస్తావేజులో ఆ లెక్క ఎవరు వ్రాయించారు?"

బావగారు మాట్లాడకుండా కుర్చీలో కూర్చున్నారు. కొన్నప్పుడు స్టాంపు ఖర్చు కలిసివస్తుందని మూడోవంతుకు వ్రాయించినది ఆయనే. ఆనాడు పక్కన సాక్షి సంతకం చేసినది నేనే.

"మంచినీళ్ళయినా యివ్వకుండా అన్నయ్యను ఆ ప్లీడరు ప్రశ్నలేమిటండీ?" అని లోపలినుంచి మా ఆవిడ కేక వేసింది. కాఫీ వచ్చింది. బావగారు కాస్త చల్లబడ్డారు. పత్రికలకు వ్రాసేవాణ్ణి కనుక మంచి అర్జీ ఒకటి వ్రాసిపెట్టమన్నారు.

నాకు మాత్రం బల్లమీది అరటిపళ్ళను చూస్తుంటే ఒక పాత కథ గుర్తుకు వచ్చింది. అదీ అరటిపళ్ళ కథే, అదీ తక్కువ ధర వ్రాసిన కథే. కాని జరిగినది కోనసీమలో కాదు. మధ్య అమెరికాలో, గ్వాతెమాలా అనే చిన్న దేశంలో.

1899లో అమెరికాలో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అని ఒకటి పుట్టింది. మధ్య అమెరికా దేశాల్లో అరటి పండించడం, ఓడల కెక్కించి అమెరికాలో అమ్మడం దాని వ్యాపారం. మనకు అరటిపళ్ళ వ్యాపారమంటే తట్ట, బండి, మహా అయితే లారీ. ఆ కంపెనీకి ఓడలు సొంతం. గ్వాతెమాలా రైలు దాని చెప్పుచేతల్లో. పుయెర్తో బారియోస్ అనే రేవు కూడా దాని చెప్పుచేతల్లోనే. అక్కడి జనం దానికి "ఎల్ పుల్పో" అని పేరు పెట్టుకున్నారు. అంటే ఎనిమిది చేతుల సముద్ర జంతువన్నమాట.

1950 ప్రాంతానికి ఆ దేశంలో కంపెనీ భూమి సుమారు అయిదున్నర లక్షల ఎకరాలు. అందులో సాగులో వున్నది నూటికి పదిహేను వంతులు మాత్రం. మిగిలినదంతా ఖాళీ. ఎందుకయ్యా అంటే, పనామా తెగులు నేలలో పట్టిందంటే ఆ తోట వదలి కొత్త నేలకు పోవాలి, అందుకని అట్టే పెట్టుకున్నాము అనేవారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని పక్క వూళ్ళలో సెంటు నేల లేనివాళ్ళు ఆ ఖాళీ భూమిని రోజూ కళ్ళారా చూస్తూ కూలికి వెళ్ళేవారు.

1951లో హకోబో అర్బెంజ్ అధ్యక్షుడైనాడు. 1952 జూన్ 17న భూసంస్కరణ చట్టం వచ్చింది. పెద్ద కమతాల్లో సాగు కాని భూమిని తీసుకుని లేనివారికి పంచాలి. ఊరికే కాదు, పరిహారం బాండ్ల రూపంలో యిస్తారు. ఎంత యివ్వాలి? పన్ను కట్టేటందుకు యజమాని తానే వ్రాసి యిచ్చిన ధర ఎంతో అంత!

యిక్కడికి వచ్చేసరికి బావగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

1953లో కంపెనీ దగ్గర మొదట తీసుకున్నది సుమారు 2 లక్షల 10 వేల ఎకరాలు. కంపెనీ వ్రాసుకున్న లెక్క ప్రకారం పరిహారం 6 లక్షల 27 వేల డాలర్లయింది. కంపెనీ లబోదిబోమన్నది. దాని పక్షాన అమెరికా ప్రభుత్వం 1 కోటి 58 లక్షల డాలర్లు కావాలన్నది. అంటే పన్ను కట్టేనాడు మూడు డాలర్ల ఎకరం, పరిహారం పుచ్చుకునేనాడు డెబ్బయి అయిదు డాలర్లయిందన్నమాట.

"మరి ఎంత యిచ్చారు?" అన్నారు బావగారు, ఆశగా.

డబ్బు సంగతి తేలకముందే ప్రభుత్వమే పోయింది. ఆనాటి అమెరికా విదేశాంగమంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ పూర్వం ప్లీడరీ చేసిన సంస్థకు ఈ కంపెనీ పాత కక్షిదారు. ఆయన తమ్ముడు అలెన్ డల్లెస్ గూఢచారి శాఖ సి.ఐ.ఎ.కు పెద్ద. కారణం కంపెనీ ఒక్కటే అనడం న్యాయం కాదు. అర్బెంజ్ చుట్టూ కమ్యూనిస్టులు వున్నారు, ఆ రోజుల్లో అమెరికాకు ఆ పేరు వింటేనే జ్వరం. ఏ కారణం పాలు ఎంత అని చరిత్రకారులు యిప్పటికీ వాదించుకుంటూనే వున్నారు. జరిగినది మాత్రం యిది: 1954 జూన్‌లో సి.ఐ.ఎ. తయారుచేసిన చిన్న సైన్యం సరిహద్దు దాటింది. 27వ తేదీన అర్బెంజ్ రాజీనామా యిచ్చాడు. కంపెనీ భూమి కంపెనీకి వచ్చేసింది. చిత్రమేమంటే, మరి కొద్ది రోజులకే, జూలై 2న, అదే అమెరికా ప్రభుత్వం అరటి వ్యాపారమంతా గుత్తకు పట్టిందని అదే కంపెనీమీద దావా వేసింది!

ఆ చట్టం కింద భూమి దొరికిన కుటుంబాలు దాదాపు లక్ష. వారిలో చాలామంది చేతిలో పట్టా చిత్తుకాగితమైపోయింది. తరువాత 1960 నుంచి 1996 దాకా ఆ దేశంలో అంతర్యుద్ధం. చనిపోయినవారూ జాడ తెలియనివారూ 2 లక్షల పైమాటే. అర్బెంజ్ పరాయిదేశంలోనే 1971లో పోయాడు. 2011లో గ్వాతెమాలా అధ్యక్షుడు ఆయన కుటుంబాన్ని క్షమాపణ కోరాడు. భూములు పోగొట్టుకున్న కూలివాళ్ళను మాత్రం ఎవరు వెతికి పట్టుకుంటారు?

బావగారు కాసేపు వూరుకుని, "అయితే నన్ను ఆ కంపెనీతో జమ కట్టారన్నమాట" అన్నారు.

"మిమ్మల్నొక్కరినే కాదు. సాక్షి సంతకం చేసిన నన్ను కూడా. బీరువాలో మా యింటి దస్తావేజు సంగతీ అంతే. తేడా ఏమిటంటే, కంపెనీ వ్రాసిన అబద్ధాన్ని కాపాడడానికి సైన్యం వచ్చింది. మనకు రాదు."

ఆయనకు నవ్వు వచ్చింది. అర్జీ వ్రాయడానికి కాగితం తీశాను. అప్పుడు మా ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది.

"అన్నయ్యా, నీ ప్రహరీగోడ పక్కన సైకిళ్ళు బాగుచేసే అతను వుండాలే, తాటాకు పాక వేసుకుని. అతనికేమిచ్చారు?"

"అతనికేమిస్తారమ్మా? అతని దగ్గర కాగితమే లేదుగా!"

"ఎన్నాళ్ళనుంచి వున్నాడు?"

బావగారు లెక్క చూసుకుని, "నేను స్థలం కొనకముందు నుంచీ" అన్నారు. అనేసి తలవంచుకున్నారు.

అర్జీ వ్రాశాను. అందులో బావగారి పరిహారం మాట రెండో పేరాలోకి దిగింది. మొదటి పేరా సైకిళ్ళ అతనిది. అతను ఆ చోట ఎన్నేళ్ళుగా బతుకుతున్నదీ బావగారే సాక్షిగా సంతకం చేశారు. ఈసారి కాగితంమీద వున్నది నిజం.