సవరనుకు రెండు ధరలు: గీటురాయి చెప్పేది ఒకటే

బంగారం అంగట్లో సవరనుకు రెండు ధరలున్నాయి. ఒకటి ఆనాటి మేలిమి ధరను బట్టి కట్టేది. దీన్ని కొత్తగా చేరిన గుమాస్తా కూడా నిమిషంలో చెప్పగలడు. రెండోది నాణెం ధర. అది ఏ పత్రికలోనూ పడదు, ఏ దుకాణం బోర్డు మీదా ఉండదు. కొనేవాడి కన్ను, అమ్మేవాడి మాట కలిసిన చోట తెగుతుంది. మొదటి ధరలో మన వర్తకులను మోసగించడం కష్టం. త్రాసు, గీటురాయి వారికి తాతల నాటి నుంచి అలవాటు. రెండో ధరలో మాత్రం అనుభవం గల షరాబులు సైతం చేతులు కాల్చుకుంటున్నారు. కారణం ఒక్కటే. బంగారానికి పెట్టే పరీక్షనే నాణేనికీ పెడుతున్నారు.

మొదటి లెక్క తేలిక. సవరను నిండు తూకం 7.988 గ్రాములు, మాటు 22 క్యారెట్లు. అందులో మేలిమి 7.322 గ్రాములు. పది గ్రాముల మేలిమి ధరను 0.7322తో హెచ్చిస్తే లోహం విలువ వచ్చేస్తుంది. అర సవరనుకు అందులో సగం. 1817లో లండన్ టంకశాల ఈ నాణేన్ని ప్రవేశపెట్టింది మొదలు నేటి వరకు ఈ తూకం మారలేదు. అరిగి 7.938 గ్రాములకు దిగితే చలామణీకి పనికిరాదని బ్రిటిషు చట్టం చెప్పేది. మన ప్రాంతంలో కాసు అన్నా సవరను అన్నా 8 గ్రాముల తూకంగానే వాడుకలో నిలిచిందంటే ఈ నాణెం ఇక్కడ ఎంతగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

పాతుకుపోవడానికి చట్టం తోడైంది. 1899 నుంచి సవరను ఈ దేశంలో 15 రూపాయలకు చెల్లుబాటు అయ్యేది. 1920లో ఆ రేటును 10 రూపాయలు చేశారు. 1927లో చెల్లుబాటే తీసేశారు. యుద్ధకాలంలో సముద్రయానం ప్రమాదకరం కావడంతో 1918లో బొంబాయిలోనే లండన్ టంకశాల శాఖ ఒకటి పనిచేసి, దాదాపు 13 లక్షల సవరన్లు ముద్రించింది. ఆ తరువాత 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలింది. ధర పెరిగింది. ఇక్కడ చూస్తే మాంద్యం, రైతు ఇంట పైకం కరువు. ఇళ్ళలోని బంగారం పెద్దయెత్తున ఓడలెక్కి వెళ్ళిపోయింది. అప్పుడు పోగా మిగిలినవి, పేరుల్లో గుచ్చినవి, పెట్టె అడుగున మూటకట్టినవి ఇప్పుడు బేరానికి వస్తున్నాయి.

వచ్చినది అసలా, నకిలీయా? ఇక్కడే గీటురాయి చేతులెత్తేస్తుంది. ఇత్తడికి పూత పూసిన నకిలీ గురించి చెప్పనక్కర లేదు, అది గుమ్మం దాటి లోపలికి రాదు. భయపడవలసింది నిండు బంగారంతో చేసిన నకిలీ గురించి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సవరను లోహం విలువ కన్నా బాగా హెచ్చు ధరకు అమ్ముడయ్యేది. ఆ తేడా కోసమే ఇటలీలోని మిలాన్‌లో ఒకరు ఏకంగా టంకశాల పెట్టి, సరైన మాటు బంగారంతో సవరన్లు అచ్చువేశారు. అతడు స్విట్జర్లాండులో పట్టుబడితే, 1952లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం సవరను చలామణీ నాణెం కాదు గనుక దాన్ని పోలినది చేయడం దొంగనాణెం ముద్రించడం కాదంటూ అతణ్ణి అప్పగించడానికి నిరాకరించింది. నకిలీలు పెరిగిపోవడంతో 1957లో లండన్ టంకశాల తిరిగి సవరన్ల ముద్రణ చేపట్టవలసి వచ్చింది. అటువంటి సరకు బెయిరూట్ తదితర చోట్ల కూడా తయారైంది. కరిగించేవాడికి వీటితో నష్టం లేదు. పాత నాణెమని అదనం చెల్లించినవాడు ఆ అదనం పూర్తిగా పోగొట్టుకుంటాడు.

కనుక త్రాసు పక్కన భూతద్దం ఉండాలి. దానికన్నా ముందు సంవత్సరాల పట్టిక ఉండాలి. అయిదవ జార్జి బొమ్మగల సవరన్లను లండన్‌లో 1911 నుంచి 1917 వరకు, ఆపైన 1925 తేదీతోను మాత్రమే ముద్రించారు. శాఖా టంకశాలల నాణేల మీద గుర్రం కాళ్ళ కింద, తేదీకి పైన, నేలగీత మీద చిన్న అక్షరం ఉంటుంది. సిడ్నీకి ఎస్, మెల్‌బోర్న్‌కు ఎం, పెర్త్‌కు పి, కెనడాలోని ఒట్టావాకు సి, ప్రిటోరియాకు ఎస్ఏ, బొంబాయికి ఐ. అంటే అయిదవ జార్జి తల, 1918 తేదీ ఉండి అక్షరం లేకపోతే అది నకిలీ, వేరే పరీక్ష అక్కరలేదు. ఐ అక్షరం ఉండి తేదీ 1918 కాకపోతే అదీ అంతే. ఐ అక్షరంతోనే 2013 నుంచి ఢిల్లీ వద్ద లండన్ టంకశాల అనుమతితో కొత్త సవరన్లు వచ్చాయి గాని, వాటి మీద రెండవ ఎలిజబెత్ తల ఉంటుంది కనుక కళ్ళున్నవారు పొరపడనక్కర లేదు.

పట్టికకు లొంగని చిక్కులు లేకపోలేదు. 1917 లండన్ నాణెం పది లక్షలకు పైగా ముద్రితమైనా నేడు దొరకడం బహు అరుదు. సిడ్నీ, పెర్త్ నాణేలు అదే సంవత్సరానివి కావలసినన్ని ఉన్నాయి. ఆ చిన్న అక్షరాన్ని గీకేస్తే లండన్ నాణెం తయారు! నేలగీత మీద గీకుడు జాడ ఉన్నదేమో వెతకకుండా 1917కు అదనం ఇవ్వరాదు. ఇక మిగతా పరీక్షలు అందరికీ తెలిసినవే. అడ్డుకొలత 22.05 మిల్లీమీటర్లు ఉండాలి. నీటిలో వేలాడదీసి తూస్తే 0.45 గ్రాము చిల్లర తగ్గాలి. అంచు పళ్ళు సమంగా, పదునుగా ఉండాలి. మైదానం మీద సూది బెజ్జాల వంటి గుంటలు కనిపిస్తే అది అచ్చు కొట్టినది కాదు, పోత పోసినది.

అసలుదే అని తేలిన తరువాత అసలైన తగవు మొదలవుతుంది. అదే గ్రేడు. మన దళారులు “ఫైన్ సరకు” అంటే మేలైన సరకని అర్థం. ఇంగ్లండు నాణేల వ్యాపారంలో ఫైన్ అంటే బాగా అరిగినదని అర్థం! దానిపైన వెరీ ఫైన్, ఆపైన ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్నిటి మీద చలామణీ ఎరుగని అన్‌సర్క్యులేటెడ్. ప్రూఫ్ అనేది గ్రేడే కాదు, ప్రత్యేకంగా ముద్రించే పద్ధతి. ఈ మాటల తేడా తెలియక జాబితా చూసి బేరం కుదుర్చుకున్నవారు సరకు చేతికి వచ్చాక లబోదిబోమంటారు. అరుగుదల మొదట కనిపించేది ఎత్తు భాగాల మీద: రాజు బుగ్గ ఎముక, చెవి మీది జుట్టు, గుర్రం తొడ. అక్కడ మెరుపు చచ్చి ఉంటే అన్‌సర్క్యులేటెడ్ అనే మాట కట్టిపెట్టాలి. చేతులు మారకపోయినా సంచుల్లో ఒకదానికొకటి తగిలి గాట్లు పడ్డ సవరన్లు చాలా ఉంటాయి. వాటి గ్రేడు గాట్లను బట్టి తగ్గుతుంది.

ఇదే అవకాశంగా, కొనేటప్పుడు వెరీ ఫైన్ అన్న నాణేన్ని అమ్మేటప్పుడు ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అనడం వ్యాపారంలో మామూలైపోయింది. దీన్ని అరికట్టడానికే అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ సంస్థలు వచ్చాయి. ఒకటి నుంచి 70 వరకు అంకె వేసి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తాయి. మేలైన ఏర్పాటే గాని, ఆ డబ్బాలకే నకిలీలు బయలుదేరాయి. నంబరును సంస్థ రికార్డుతో సరిచూడని డబ్బా ఉత్త ప్లాస్టిక్ ముక్క. అదీగాక, చేతులు మారి అరిగిన 1912 నాటి సవరనుకు గ్రేడు వేయించడం దండుగ. దాని ధర లోహం ధరను అంటిపెట్టుకునే ఉంటుంది.

మెరుగు పెట్టే అలవాటు మరో జాడ్యం. కుంకుడు రసంలో నానబెట్టి కుంచెతో రుద్దిన నాణెం తళతళలాడుతుంది, సేకరణదారు మాత్రం ఆ సన్నగీతలు చూసి వెనక్కు తోసేస్తాడు. పేరులో గుచ్చడానికి కొక్కెం అతికించినది, తరువాత దాన్ని తీసి అంచు చదును చేసినది కూడా నాణెం ధరకు దూరమైనట్టే. కాసులపేరు తెచ్చిన గృహిణికి ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద. ఎనిమిదవ ఎడ్వర్డు 1937 సవరను ఒకటి 2020లో పది లక్షల పౌన్లకు పోయిందన్న వార్త చదివి, తన కాసులకూ అంత వస్తుందని ఆశపడే వారికి ఆశ పెంచి పంపడం కన్నా, తరుగు లేకుండా లోహం విలువ లెక్కకట్టి చేతిలో పెట్టడం మేలు. ఆమె మూటలో అరుదైన సంవత్సరం ఉంటే ఆ మాట దాచి కరిగింపు ధర ఇవ్వడం మాత్రం వ్యాపారం అనిపించుకోదు.

వెండి విషయంలో తేదీయే సర్వస్వం. బ్రిటిషు వెండి నాణేల్లో 1919 వరకు వెండి 92.5 శాతం. 1920 నుంచి 50 శాతం. 1947 నుంచి మామూలు నాణేల్లో వెండి సున్న. 14.14 గ్రాముల హాఫ్ క్రౌన్‌లో మొదటిదానిలో 13.08 గ్రాముల వెండి ఉంటే, రెండోదానిలో 7.07 మాత్రమే. చర్చిల్ బొమ్మగల 1965 క్రౌన్‌ను వెండి అనుకొని బేరమాడేవారు ఇప్పటికీ ఉన్నారు. అది రాగి, నికెల్ మిశ్రమం. ఇక్కడి రూపాయికీ ఇంచుమించు ఇదే గతి పట్టింది: 1940లో సగం వెండి, 1947లో నికెల్. అయితే అది బ్రిటిషిండియా నాణెం. రెంటినీ ఒకే సంచిలో పోసి “బ్రిటిషు వెండి” అని తూకానికి కొనడం ఎవరో ఒకరికి నష్టమే.

ఈ తగవులు తగ్గాలంటే బిల్లులో లోహం విలువ, నాణెం అదనం విడివిడిగా రాయాలి. సంవత్సరం, టంకశాల అక్షరం, గ్రేడు, కొక్కెం జాడ ఉన్నదీ లేనిదీ అక్షరాలా రాయాలి. రాయనన్న దళారికి అదనం చెల్లించవలసిన పని లేదు. చట్టం సంగతీ మరువరాదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రయివేటు వర్తకుడు విదేశాలకు పంపరాదు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. 1918 బొంబాయి సవరను 2018లోనే ఆ గీత దాటింది. 1925 తేదీగల లండన్ నాణేలు కొన్నిటిని నిజానికి 1949 నుంచి 1952 మధ్య అదే తేదీతో ముద్రించారు. వాటికి వందేళ్ళు ఎప్పుడు నిండుతాయో, తేదీని బట్టి చూసే అధికారికి ఆ సంగతి రుజువు చేసే భారం ఎవరి మీద పడుతుందో వర్తకులు ముందుగానే ఆలోచించుకోవడం మంచిది.