అంచు అతికితేనే బల్ల పూర్తయినట్టు

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో అద్దె గదుల్లో ఉండి ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యే వాళ్లలో చాలామందికి సొంత బల్ల ఉండదు. మంచమే బల్ల, దిండే స్టాండు. కొందరు మాత్రం ప్లైవుడ్ కోయించుకుని, పైన సన్‌మైకా అతికించి, సొంతంగా బల్ల చేసుకుంటున్నారు. మెచ్చుకోవాల్సిన పనే. కానీ చాలా బల్లలు అక్కడే ఆగిపోతాయి. పైన చూస్తే నున్నగా ఉంటుంది, పక్క నుంచి చూస్తే పొరలు పొరలుగా ప్లై బయటే కనిపిస్తుంది. "పక్కన ఎవరు చూస్తార్లే" అన్న ఆ ఒక్క మాట మీదే ఈ నాలుగు ముక్కలు.

అంచుకు వేసే ప్లాస్టిక్ పట్టీ, అదే పీవీసీ ఎడ్జ్ బ్యాండ్, అలంకారం కోసం కాదు. బోర్డు తేమను ఎక్కువగా పీల్చేది కోసిన అంచు నుంచే. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అయితే ఒక వానాకాలానికే ఉబ్బుతాయి. సన్‌మైకా అంచు పదునుగా ఉండి మణికట్టుకు గీసుకుంటుంది, దేనికైనా తగిలితే పెచ్చు లేస్తుంది. ఈ రెండింటికీ విరుగుడు ఆ పట్టీయే.

లెక్క చిన్నదే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల చుట్టుకొలత 12 అడుగులు. పట్టీ 14 అడుగులు కొనండి. 18 మిల్లీమీటర్ల ప్లై మీద 1 మిల్లీమీటరు సన్‌మైకా వేస్తే మందం 19. పట్టీ 22 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకుంటే పైనా కిందా ఒకటిన్నర చొప్పున మిగులుతుంది. ఆ మిగులు కావాల్సిందే, తర్వాత కోసేస్తాం.

జిగురు దగ్గరే అసలు పరీక్ష. చెక్కకు వాడే తెల్ల ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. చెక్క ఆ నీటిని పీల్చుకుంటేనే అది ఆరి పట్టుకుంటుంది. ప్లాస్టిక్ నీళ్లు పీల్చదు, కాబట్టి అక్కడ కావాల్సింది రబ్బరు జిగురు. అంచును గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, బోర్డుకూ పట్టీకీ రెండింటికీ పల్చగా పూయాలి. ప్లై అంచు జిగురు తాగేస్తుంది, దానికి రెండో పూత వేయాలి. వేలు పెడితే అంటుకోనంత వరకూ ఆగాలి. ఆగలేక తడి మీదే అతికిస్తే రేపే ఊడుతుంది. ఒక్కసారి తాకిందంటే మళ్లీ జరపలేం కాబట్టి ఒక చివర నుంచి మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. ఈ జిగురు ఆవిరికి మంట అంటుకుంటుంది. కిటికీలు తెరవండి, గదిలో స్టవ్ వెలిగించకండి.

ముందు పక్కలు అతికించి చివరలు కోసేశాక, ఎదుటి అంచు వేయండి. అప్పుడు అతుకు ముందు నుంచి కనిపించదు. మిగులును పదునైన బ్లేడుతో కోసి, ఆకురాయితో రుద్దండి. రాయి ఎప్పుడూ బోర్డు వైపే కదలాలి. బయటికి లాగితే పట్టీ లేస్తుంది. గోడ వైపు అంచునూ వదలొద్దు. తేమ ఎక్కువగా ఉండేది అక్కడే.

కెరీర్ పేజీలో ఈ వడ్రంగి పాఠం ఎందుకంటారా? ఇంజినీరింగ్ ఫస్టియర్ వర్క్‌షాపులో కార్పెంటరీ మనందరికీ ఉంటుంది. రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని మర్చిపోతాం. ఫైనలియర్ వచ్చేసరికి కొందరు ప్రాజెక్టునే కొనుక్కొస్తారు. ఇంటర్వ్యూలో "ఇదే ఎందుకు వాడావు?" అని అడిగితే నోరు పెగలదు. తెల్ల జిగురు ఎందుకు పనికిరాదో చేసి తెలుసుకున్నవాడికి అలాంటి ప్రశ్నకు భయం ఉండదు. ఏ పనిలోనైనా జవాబు ఎలా వెతుక్కోవాలో వాడికి అలవాటయింది.

కోడ్‌లోనూ ఇదే కథ. ప్రోగ్రామ్ నడిచిందనగానే లేచిపోతాం. ఖాళీ ఇన్‌పుట్ ఇస్తే ఏమవుతుంది, నెట్ పోతే ఏమవుతుంది అన్నవి అంచులు. వాడేవాడికి ముందు తగిలేది అవే. నాలుగు సగం ప్రాజెక్టులు రెజ్యూమెలో నింపే కన్నా అంచుల దాకా పూర్తిచేసిన ఒక్కటి పెట్టడమే మేలని మా అభిప్రాయం.

బల్ల చేస్తే మీ వీధిలోని వడ్రంగి మేస్త్రీకి ఒకసారి చూపించండి. ఆయన పైభాగం చూడడు. ముందుగా అంచు మీద వేలు పెట్టి జరుపుతాడు. వేలు ఎక్కడ ఆగిందో చూసుకుని, అక్కడ మళ్లీ రుద్దండి.