అప్‌డేట్ అంటే ఉన్నది తీసెయ్యడమా?

అన్నలూ, తమ్ముళ్లూ, పోస్టు పెద్దదే. స్మోకోలో అవ్వకపోతే ఇంటికెళ్లేటప్పుడు రైల్లో చదవండి.

మొన్న ఆదివారం ట్రుగనినాలో మా ఇంట్లో నలుగురం ట్యాక్స్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. అందరం ఏళ్లుగా ఒకటే ఖర్చుల యాప్ వాడుతున్నాం. పేరు ఎందుకులెండి, మీలో సగం మంది ఫోన్లో అలాంటిదే ఇంకోటి ఉంటుంది. రాత్రికి రాత్రి అది అప్‌డేట్ అయింది. రంగులు మారాయి. పైన ఒక బొమ్మ వచ్చి చెయ్యి ఊపుతోంది. కింద చూస్తే మేము రాసుకున్న నోట్సు లేవు. రెండేళ్లకి ముందు లెక్కలు లేవు. సీఎస్‌వీ ఫైలు తీసుకునే బటన్ కూడా లేదు.

నోట్సు అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇంటికి పంపిన ప్రతి డబ్బు పక్కన ఒక ముక్క రాసుకుంటాం. అమ్మ కంటి ఆపరేషన్. స్లాబుకి సిమెంటు. చీటీ. చెల్లెలి పెళ్లికి బంగారం. బ్యాంకుని అడిగితే స్టేట్‌మెంట్ ఇస్తుంది, కాదనం. ఏ తేదీన ఎన్ని డాలర్లు పోయాయో అందులో ఉంటుంది. ఎందుకు పోయాయో ఉండదు. ఆ ముక్క రాసింది మనం, మన వేలితో, పని అయ్యాక ఉట్‌లో కూర్చుని... యూట్‌లో అనాలంట, మా పిల్లలు దిద్దుతుంటారు.

మాలో ఒకాయన ఊళ్లో ఇంటి కోసం ఆరేళ్లు డబ్బు పంపాడు. పునాది నుంచి గృహప్రవేశం దాకా. ఇప్పుడు అన్నదమ్ముల పంపకాలు వచ్చాయి. పెద్దమనుషులు కూర్చున్నారు. "నువ్వు పంపింది అమ్మానాన్నల తిండికి, మందులకి. ఇల్లు కట్టింది మేం" అంటున్నారు అన్నలు. ఈయన వాట్సాప్ వీడియోలో ఉండి, ఆగండి అన్నా చూపిస్తా, అని యాప్ తెరిచాడు. ఏముంది చూపించడానికి? బొమ్మ చెయ్యి ఊపుతోంది. స్టేట్‌మెంట్లు తెప్పించి పంపాడు, దాంట్లో అంకెలు తప్ప ఏమీ లేవు, ఏ అంకె ఇటుకకో ఏ అంకె మందుకో వాళ్లకి ఎవరు చెప్తారు? రెండు రోజులు ఆయన సైటులో ఎవరితో మాట్లాడలేదు.

మేము కంపెనీకి మెయిల్ రాశాం. జవాబు వచ్చింది. ఆ సౌకర్యం ఎక్కువ మంది వాడట్లేదు, అందుకే తీసేశాం, యాప్‌ని సులువు చేశాం అని.

బిల్డింగు పని చేసేవాళ్లం కాబట్టి మా భాషలో చెప్తాం. ఈ నెల ఎవరూ ఆనుకోలేదని స్కాఫోల్డింగ్‌కి గార్డ్‌రెయిల్ తీసేస్తామా? సైటులో ఒక తలుపు రెండడుగులు పక్కకి జరపాలన్నా వేరియేషన్ రాసి, ఓనరు సంతకం తీసుకుని, అప్పుడు ముట్టుకుంటాం. వీళ్లు మన ఇంట్లో గోడ కూల్చేసి, గాలి బాగా వస్తుంది చూడండి అంటున్నారు.

ఇది ఒక్క మా యాప్ సంగతి కాదు. మైక్రోసాఫ్ట్ మనీ అని కంప్యూటర్లో ఉండేది, 2009లో అమ్మకం ఆపేశారు. అమెరికాలో మింట్ అని పెద్ద యాప్. ఇంట్యూట్ కంపెనీ 2009లో 17 కోట్ల డాలర్లకి కొని, 2024 మార్చిలో మూసేసింది. జనాన్ని క్రెడిట్ కర్మాకి పొమ్మన్నారు. నెల బడ్జెట్ వేసుకునే వీలే అక్కడ లేదని వాళ్లంతా మొత్తుకున్నారు. ఇక్కడ మన సిడ్నీలోనే 2012లో పుట్టిన పాకెట్‌బుక్ ఉండేది. 2016లో జిప్ కంపెనీ కొన్నది, 2022లో మూతపడింది. జిప్ అంటే ఇప్పుడు కొనుక్కో తర్వాత కట్టు అనే వ్యాపారం. అప్పు ఇచ్చేవాడి చేతిలోకి మన ఖర్చుల పుస్తకం వెళ్తే అది ఎన్నాళ్లు బతుకుతుందో మీరే ఆలోచించండి.

మన కుర్రాళ్లు కొందరు, ఐటీ వాళ్లు, అంటారు: అంకుల్, ఫ్రీగా ఎన్నాళ్లు ఇస్తారు, వాళ్లకీ సర్వర్ ఖర్చు ఉంటుంది కదా. న్యాయమే. కానీ మేము ఫ్రీగా వాడలేదు, ఏడాదికి డబ్బు కట్టాం. కొత్తవి ఇవ్వకపోయినా పర్వాలేదు, మేం అడగలేదు కూడా. మూసేస్తే మూసెయ్యండి. మేము రాసింది మొత్తం ఒక ఫైలులో మా చేతిలో పెట్టి మూసెయ్యండి. కువైట్‌లో ఉన్నప్పుడు రెండు వందల పేజీల నోటు పుస్తకంలో రాసేవాళ్లం. దాని అట్ట చిరిగింది, టీ మరకలు పడ్డాయి, అయినా ఈరోజుకీ ఊళ్లో బీరువాలో ఉంది.

ఇంకో సంగతి. ట్యాక్స్ కట్టాక కూడా రికార్డులు ఐదేళ్లు ఉంచుకోవాలని ఏటీఓ రూలు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకి మన కారులో తిరిగితే 2024-25 లెక్కకి కిలోమీటరుకి 88 సెంట్లు, ఐదు వేల కిలోమీటర్ల దాకా చూపించుకోవచ్చు. ఇంటి నుంచి పనికి వెళ్లేది మామూలుగా రాదు, అది కలిపెయ్యకండి. ఎలా లెక్క కట్టావని అడిగితే చెప్పాల్సింది మనమే. యాప్ తీసేసింది సార్ అంటే వాళ్లు ఊరుకుంటారా? ఏటీఓ సొంత యాప్‌లో మైడిడక్షన్స్ అని ఉంది, బాగానే ఉంటుంది. అదీ ఫోన్లోనే దాచుకుంటుంది, బ్యాకప్ తియ్యకపోతే ఫోన్‌తో పాటే పోతుంది. మా వాడి ఫోన్ కాంక్రీటులో పడింది, తెలుసుగా.

కాబట్టి ఈ రాత్రే మీ యాప్ తెరవండి. ఎక్స్‌పోర్ట్ అని ఎక్కడైనా ఉంటే ఫైలు తీసి మీ మెయిల్‌కి పంపుకోండి. లేకపోతే పేజీ పేజీ స్క్రీన్‌షాట్ తియ్యండి, విసుగే, అయినా తియ్యండి. ఇంటికి డబ్బు పంపేటప్పుడు ఎందుకో ఆ మాట ట్రాన్స్‌ఫర్ డిస్క్రిప్షన్‌లోనే రాయండి, అది స్టేట్‌మెంట్లో పడుతుంది. మాకు ఆ తెలివి ముందు రాలేదు. కంపెనీకి మెయిల్ కూడా పెట్టండి. ఒకడు రాస్తే చెత్తబుట్టలో వేస్తారు, రెండు వందల మంది రాస్తే చదవక తప్పదు.

వచ్చే ఆర్‌డీఓ రోజు పొద్దున మేము ఇంట్లోనే ఉంటాం. చెయ్యడం రానివాళ్లు ఫోనూ ఛార్జరూ పట్టుకుని రండి, కూర్చుని చేద్దాం. టీ మాది. మీ యాప్‌లో ఏం మాయమైందో కింద కామెంట్లో రాయండి.