బిల్లు లేని సెన్సార్ ముట్టకండి, లారీ ఓనర్లారా!

నూజివీడు మామిడికాయ లోడుతో ఢిల్లీ వెళ్తున్న లారీ నాగపూర్ దాటాక గంటకు 20 కిలోమీటర్లకు పడిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అంతే. ఇంజన్ బాగుంది, గేర్‌బాక్సు బాగుంది, యూరియా ట్యాంకు నిండా ఉంది. చెడింది ఒక్క నాక్స్ సెన్సార్. అదీ వేయించి నెల కూడా తిరగని కొత్తదే. పెట్టె మీద పెద్ద కంపెనీ పేరుంది, లోపల ఆ కంపెనీ సరుకు లేదు. బిల్లు అసలే లేదు. కాయ దారిలోనే పండి కారిపోయింది. పార్టీ కిరాయి కోసేశాడు. ఆ నెల కిస్తీ బౌన్స్ అయింది. సెన్సార్ అమ్మిన కొట్టువాణ్ని నిలదీస్తే, "మా దగ్గర కొన్నట్టు రుజువేంటి?" అన్నాడు.

ఆ ఓనరు ఖర్మ అనుకుని ఊరుకుందామా? బీఎస్6 బండి ఉన్న ప్రతివాడికీ ఈ నొప్పి తెలుసు, వివరించి కాగితం పాడుచేయను. చెప్పదలచింది ఒక్కటే. డీఓసీ, డీపీఎఫ్, ఎస్‌సీఆర్, నాక్స్ సెన్సార్, యూరియా డోజర్... పొగను శుద్ధి చేయడానికి పెట్టిన, మనం టూకీగా సైలెన్సర్ సామాను అనేదంతా ఇకమీదట పేరూ ఊరూ ఉన్న తయారీదారు సరుకే కొనాలి. బిల్లుతో, వారంటీతో కొనాలి. ఎవడికి వాడు కాదు, మన లారీ ఓనర్ల సంఘం తరఫున అందరం కలిసి కొనాలి.

నాసిరకం బ్రేక్ లైనర్ తొక్కగానే దొరికిపోతుంది. సైలెన్సర్ సామాను అలా దొరకదు. పైకి చూస్తే స్టీలు డబ్బా, లోపల సన్నటి గదులున్న పింగాణీ ఇటుక. పని చేసేది ఆ డబ్బా కాదు, ఇటుక కాదు, గదుల గోడల మీది పూత. డీఓసీలో, డీపీఎఫ్‌లో ఆ పూతలో ఉండేది ప్లాటినం, పల్లాడియం. ఎస్‌సీఆర్‌లో రాగి గానీ ఇనుము గానీ చేర్చిన జియోలైట్, లేదా వనేడియం. పెట్రోలు కార్ల కన్వర్టర్‌లో రోడియం కూడా ఉంటుంది, అది బంగారం కన్నా ఖరీదు. దొంగ తయారీదారుకు లాభమంతా ఇక్కడే. పూత పలుచన చేస్తే చాలు, ఏ కంటికీ తెలియదు. ఘనపుటడుగు ఇటుకకు ఎన్ని గ్రాముల లోహం ఉందన్నది ఈ వ్యాపారంలో మొదటి లెక్క. మన కొట్లలో ఎవరినైనా ఎప్పుడైనా ఆ లెక్క అడిగామా? అడిగితే చెప్పగలవాడు ఉన్నాడా?

నాక్స్ సెన్సార్ సంగతి ఇంకా ఘోరం. దాని కొనలో ఉండేది జిర్కోనియా సిరామిక్ ముక్క. సుమారు 800 డిగ్రీల వేడి మీద నిలిచి, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంత ఉన్నాయో కొలిచి, ఆ అంకెను బండి కంప్యూటర్‌కు పంపాలి. ఎస్‌సీఆర్‌కు ముందొకటి, వెనకొకటి. ఆ రెండు అంకెలను బట్టే యూరియా ఎంత చల్లాలో, కెటలిస్టు పని చేస్తోందో లేదో కంప్యూటర్ తేల్చుకుంటుంది. ఇలాంటి ముక్కను చేయగల కంపెనీలు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మన కొట్లలో మాత్రం నెలకో కొత్త పేరు పుట్టుకొస్తోంది! తప్పు అంకె పంపే సెన్సార్ పెడితే యూరియా ఎక్కువ చల్లి గొట్టంలో గడ్డ కడుతుంది, తక్కువ చల్లితే లైటు వెలుగుతుంది. మొదట కంప్యూటర్ పికప్ తగ్గిస్తుంది, ఆ తరవాత వేగం 20కి కట్టేస్తుంది. ఇది రోగం కాదు, కావాలనే పెట్టిన శిక్ష. దొంగ సెన్సార్ తప్పు చేస్తే ఆ శిక్ష అనుభవించేది మనం.

ఎందుకిలా అయిందో చెప్తాను. 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు పోసి, కొత్త కార్లకు కన్వర్టర్లు తప్పనిసరి చేశారు. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్4 పొగ ప్రమాణం అన్నారు. మూడేళ్లకే, 2020 ఏప్రిల్ 1న, బీఎస్5ను దాటేసి నేరుగా బీఎస్6లోకి నెట్టారు. మార్చి 31 దాటాక బీఎస్4 బండి అమ్మడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దించారు. పెద్ద బండి ఇంజన్ కిలోవాట్ అవర్‌కు 3.5 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చన్న హద్దును 0.4కి తెచ్చారు. బండికి గడువు పెట్టారు, నూనెకు గడువు పెట్టారు. ఆ బండి మూడో ఏడో నాలుగో ఏడో ఓనరు కొనే స్పేర్ పార్టును మాత్రం గాలికి వదిలేశారు.

అమెరికాలో స్పేర్ పార్టుకూ 1986లోనే నియమం పెట్టారు. బయట అమ్మే కన్వర్టర్ 25,000 మైళ్ల దాకా, అంటే 40,000 కిలోమీటర్ల దాకా పొగను శుద్ధి చేస్తుందని తయారీదారు హామీ ఇవ్వాల్సిందే. కాలిఫోర్నియాలో ప్రభుత్వ ఆమోద నంబరు డబ్బా మీద చెక్కి ఉండాల్సిందే. యూరప్‌లో మారుస్తున్న కన్వర్టర్‌కు ఐక్యరాజ్యసమితి 103వ నియమం కింద ఆమోద ముద్ర కావాలి. బండ్లను పరీక్షించే సంస్థలు మనకూ ఉన్నాయి, పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐకాట్. వాటి సర్టిఫికెట్ మన కొట్టు బల్ల మీద ఎప్పుడైనా చూశారా?

శిక్షల దగ్గర చట్టం అసలు రంగు బయటపడుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరవాత, వాయు కాలుష్య ప్రమాణం తప్పిన బండి నడిపితే 190వ సెక్షన్ కింద మూడు నెలల జైలు గానీ, పదివేల జరిమానా గానీ, రెండూ గానీ, ఆపైన మూడు నెలలు లైసెన్సు రద్దు. బండిలో మార్పు చేయించిన ఓనరుకు 182ఏ కింద ఆరు నెలలు, లేదా మార్పుకు అయిదు వేలు. మరి దొంగ సామాను అమ్మినవాడికి? భద్రతకు కీలకమని కేంద్రం నోటిఫై చేసిన భాగమైతేనే ఏడాది జైలు, భాగానికి లక్ష రూపాయలు. ఊపిరితిత్తులకు కీలకమైనది భద్రత కాదా? కొన్నవాడు దొంగ, అమ్మినవాడు దొర! ఈ న్యాయం ఎవరు రాశారు?

ఇప్పుడు మనవాళ్ల సంగతి. "అన్నా, సెన్సార్ ఎందుకు, ఎమ్యులేటర్ పెట్టేద్దాం" అనే మెకానిక్ ప్రతి అడ్డాలో ఒకడున్నాడు. ఆ నల్ల డబ్బా చేసే పని ఒకటే, అంతా బాగుందని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పడం. 2015లో వోక్స్‌వ్యాగన్ ఇలాంటి అబద్ధాన్నే సాఫ్ట్‌వేర్‌తో చెప్పించి దొరికిపోయింది, వేల కోట్ల డాలర్లు కట్టింది. నీ ఒక్క లారీని ఎవడు కాపాడతాడు? ఇక డీపీఎఫ్ ఇటుక కోసేసి ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసే తమ్ముళ్లకు ఒక మాట. ఆ మసి ముందు పీల్చేది షెడ్డులో నిలబడ్డ నువ్వే, ఆ తరవాత క్యాబిన్‌లో పడుకున్న డ్రైవరు.

సంచి యూరియా నీళ్లలో కలిపి ట్యాంకులో పోసేవాళ్లను ఏమనాలి? అసలు ద్రవం 32.5 శాతం శుద్ధ యూరియా, మిగిలింది ఖనిజాలు తీసేసిన నీరు. పొలం యూరియాకు వేప నూనె పూత ఉంటుంది. అది కెటలిస్టును చంపుతుంది. 2025 ఖరీఫ్‌లో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి పగలంతా నిలబడ్డారు. వాళ్ల సంచి ఎత్తుకొచ్చి మన ఎస్‌సీఆర్‌ను మనమే తగలేసుకోవడం తెలివా?

"పీయూసీ ఎలాగూ పాసవుతోంది కదా" అంటారు. డీజిల్ బండికి పీయూసీలో చూసేది పొగ నలుపు ఒక్కటే. నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ మీటరు కొలవనే కొలవదు. "ఎలక్ట్రిక్ లారీలు వచ్చేస్తున్నాయి" అంటారు. రానివ్వండి, మన కిస్తీలు అప్పటిదాకా ఆగవు. "షోరూమ్ పార్టు భరించలేం" అన్నదొక్కటే వినదగ్గ మాట. దానికీ దారుంది. బండి కంపెనీకి సెన్సార్ సప్లై చేసే తయారీదారే చాలాసార్లు అదే సరుకును తన సొంత పెట్టెలో బయట అమ్ముతాడు. ధర తక్కువ, సరుకు అదే. మనం కొనాల్సింది ఆ పెట్టె.

అందుకే ఈ నాలుగు పనులు:

ఒకటి. సంఘం ప్రతి బండి మోడల్‌కూ అసలు తయారీదారు పేరు, పార్ట్ నంబరు కనుక్కుని జాబితా వేయాలి. ఆ తయారీదారుకు అధికార డీలరుతోనే కలిపి ఆర్డరు పెట్టాలి.

రెండు. జీఎస్‌టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, రాతపూర్వక వారంటీ లేకుండా ఎవరూ డబ్బు ఇవ్వొద్దు. కెటలిస్టు అయితే ఆమోద సర్టిఫికెట్ నకలు, లోహం గ్రాముల లెక్క అడగాలి.

మూడు. దొంగ సరుకు అని తేలిన ప్రతి పార్టునూ బిల్లుతో సహా సంఘం ఆఫీసులో జమ చేయాలి. అసలు కంపెనీకి, వినియోగదారుల కమిషన్‌కు సంఘమే ఫిర్యాదు చేస్తుంది. ఒంటరి ఓనరును బెదిరించే కొట్టువాడు సంఘాన్ని బెదిరించలేడు.

నాలుగు. సైలెన్సర్ సామానును 182ఏ కింద అమ్మేవాడికి శిక్ష పడే జాబితాలో చేర్చమని కేంద్ర రవాణా శాఖకు రెండు తెలుగు రాష్ట్రాల సంఘాలు కలిసి అర్జీ పెట్టాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మొదటి మూడు పనులకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపు కొట్టుకెళ్లినప్పుడు "బిల్లు రాయి, లేకపోతే సామాను వద్దు" అనండి. ఆటోనగర్‌లో నూరు మంది ఓనర్లు ఒకే నెలలో ఆ మాటంటే, బిల్లు పుస్తకం లేని కొట్టు మూతపడక తప్పదు.

ఇట్లు,
మీతోపాటు కిస్తీ కట్టే ఒక లారీ ఓనరు, విజయవాడ