పాత బెంజి, పాత పోలో: బండిని వయసుతో కొలవాలా, పొగతో కొలవాలా?

జీఎస్-3లో వాయు కాలుష్యం చదివేటప్పుడు మనందరం చేసే పని ఒకటే. ఎన్‌జీటీ, సీఏక్యూఎం, గ్రాప్, బీఎస్-6 అని పేర్లు ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటిస్తాం. నేనూ అంటించాను. కానీ ఆ కాగితంలో ఉన్నది నిజంగా ఏమిటో మా పార్కింగ్‌లో రెండు జర్మన్ కార్లను చూశాకే నాకు అర్థమైంది. ఈ వ్యాసం వాటి గురించే. ఎస్సే పేపర్‌లో “చట్టం–న్యాయం” మీదో “అభివృద్ధి–పర్యావరణం” మీదో ప్రశ్న వస్తే మీకు పనికొస్తుందనీ రాస్తున్నాను, నా అభిప్రాయం ఒకటి చెప్పాలనీ రాస్తున్నాను.

నేనుండేది ద్వారకలో, ఒక గ్రూప్ హౌసింగ్ సొసైటీలో. రాజేంద్రనగర్ అద్దెలు కట్టలేక బ్లూ లైన్ పట్టుకుని ఇటు వచ్చేసిన వాళ్లలో నేనొకణ్ణి. మా ఇంటి ఓనరు గారు కేంద్ర ప్రభుత్వంలో రిటైరైన తెలుగాయన. కింద పార్కింగ్‌లో ఆయన కారు ఉంది: 1996 మెర్సిడెస్ ఈ220, పెట్రోలు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని డబ్ల్యూ124 అంటారు. మెర్సిడెస్ కంపెనీ మన దేశంలో అడుగుపెట్టి, టెల్కోతో కలిసి పుణే దగ్గర 1995లో బిగించడం మొదలుపెట్టిన మొదటి మోడల్ అదే. ఉదారీకరణ పాఠంలో రాసుకోదగ్గ బండి! ముందు అద్దానికి ఒక్కటే వైపర్ ఉంటుంది. అది అద్దం మూలలకు అందేలా సాగుతూ ముడుచుకుంటూ తిరుగుతుంది. ఓనరు గారు ఎవరొచ్చినా ముందు ఆ వైపర్ చూపిస్తారు.

ప్రతి ఆదివారం ఆయన పని ఆ కారే. రబ్బరు గొట్టాలు వయసుకు గట్టిపడతాయి, మారుస్తారు. బుష్‌లు అరిగితే కశ్మీరీ గేట్ వెళ్లి తెస్తారు. అక్కడ దొరకనిది మాయాపురిలో పాత బళ్లు విప్పే చోట వెతుకుతారు. సైలెన్సర్ వైపు ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాత్రం కంటికి రెప్పలా చూసుకుంటారు. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు అది తప్పనిసరి అయింది, సీసం లేని పెట్రోలు వచ్చిందీ అప్పుడే. ఆయన కారు ఆ తరానిది.

ఇంత చేసినా ఆ కారు గేటు దాటదు. 2011లో 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ అయిదేళ్లు పొడిగించుకున్నారు. ఆ గడువు ఇంకా ఉండగానే, 2014 నవంబరు 26న వర్ధమాన్ కౌశిక్ కేసులో ఎన్‌జీటీ ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన బళ్లు తిరగకూడదంది. 2015 ఏప్రిల్ 7న డీజిల్‌కు 10 ఏళ్ల గీత గీసింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఆ గీతను ఖాయం చేసింది.

ఇక్కడ ద్వారక వాళ్లకు మాత్రమే పూర్తిగా అర్థమయ్యే చిక్కు ఒకటుంది. ఢిల్లీ ప్రభుత్వం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కాలం చెల్లిన బండిని సొంత పార్కింగ్‌లో ఉంచుకోవచ్చు. కానీ ఉమ్మడి పార్కింగ్ సొంత పార్కింగ్ కాదు. సొసైటీ ఫ్లాట్లతో నిండిన ద్వారకలో సొంత పార్కింగ్ అంటే ఎక్కడిది? అదే దక్షిణ ఢిల్లీలో బంగళా ఉన్నాయనకు ఈ ఇబ్బంది లేదు. ఒకే వయసు కారు, ఒకే చట్టం, కాంపౌండు గోడను బట్టి ఫలితం మారుతోంది. ఆర్టికల్ 14కు ఉదాహరణ వెతుక్కుంటున్నారా? ఇదిగో.

ఇక రెండో కారు. పక్క టవర్‌లో ఒక కుర్రాడిది, 2014 డీజిల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో. ఆ బండి నిజంగా బాగుంటుంది, నేనూ ఒకసారి ఎక్కాను. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించాడు. దాన్నే వాళ్లు రీమ్యాప్ అంటారు. బిగింపుతో వచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయించి ఖాళీ గొట్టం పెట్టించాడు. ఈజీఆర్ వాల్వు మూసేయించాడు. అంటే కాలిన గ్యాసులో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపి, మంట వేడి తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ పుట్టకుండా చూసే ఏర్పాటు ఇప్పుడు ఆ బండిలో లేదు.

మరి పీయూసీ సర్టిఫికెట్? ఉంది. డీజిల్ బండికి పీయూసీలో చూసేది పొగ ఎంత నల్లగా ఉందనే. నైట్రోజన్ ఆక్సైడ్లు కంటికి కనపడవు, ఆ పరీక్ష వాటిని కొలవదు. ఈజీఆర్ మూస్తే మసి కాస్త తగ్గే అవకాశం కూడా ఉంది! అంటే చెడగొట్టిన బండి చెడగొట్టినందువల్లే పరీక్షలో ఇంకా బాగా పాసవుతుంది. ఆ గ్యాసే గాలిలో ఓజోన్‌గా, సన్నని నైట్రేట్ కణాలుగా మారి మన పీఎం2.5 లెక్కలోకి వస్తుంది.

ఈ నైట్రోజన్ ఆక్సైడ్ల కథ మీకు కొత్త కాదు. 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కుంభకోణం దీని మీదే. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పటికి మాత్రం శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ అది. మన దేశంలోనూ ఆ కంపెనీ 3.23 లక్షల కార్లను సరిచేయడానికి వెనక్కి పిలిచింది. 2019 మార్చిలో ఎన్‌జీటీ 500 కోట్ల జరిమానా వేసింది, ఆ తర్వాత మే నెలలో దాని వసూలుకు బలవంతపు చర్యలు వద్దని సుప్రీంకోర్టు ఆపింది. (ఆ కంపెనీ పేరు వినగానే మన వాళ్లకు వేరే సంగతి గుర్తొస్తుంది: విశాఖకు రావలసిన ఫ్యాక్టరీ, 2005లో వశిష్ఠ వాహన్‌కు కట్టిన 11 కోట్లు, సీబీఐ విచారణ, చివరికి ఫ్యాక్టరీ పుణే దగ్గర చకన్‌కు వెళ్లిపోవడం. జీఎస్-4 కేస్ స్టడీకి అది వేరే రోజు.) కంపెనీ చేస్తే ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన పనికి దగ్గరి పనినే మన సందులో మెకానిక్ కొన్ని గంటల్లో చేసి పెడతాడు. దానికి హాబీ అని ముద్దుపేరు.

ఇప్పుడు చట్టం ఈ రెండు కార్లను ఎలా చూస్తోందో గమనించండి. 2025 జులై 1 నుంచి ఢిల్లీ బంకుల్లో కాలం చెల్లిన బళ్లకు ఇంధనం పోయకూడదన్నారు, నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు పెట్టారు. వారం తిరక్కుండానే గొడవై నవంబరుకు వాయిదా వేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయసు ఒక్కటే కారణంగా బలవంతపు చర్యలు వద్దంది. డిసెంబరు 17న దాన్ని సవరించి, ఆ రక్షణ బీఎస్-4, ఆ పైన ఉన్న బళ్లకే అంది. ఢిల్లీలో బీఎస్-4 వచ్చింది 2010 ఏప్రిల్‌లో. కాబట్టి మా కుర్రాడి పోలోకు రక్షణ ఉంది. ఓనరు గారి బెంజికి లేదు.

తొందరపడి కోర్టును తప్పుపట్టకండి. వయసు నుంచి ఉద్గార ప్రమాణానికి మారడం సరైన దిశలో పడిన అడుగే. ఏడాదికి 3 వేల కిలోమీటర్లు తిరిగిన కారునూ, మూడేళ్లలో 2 లక్షలు తిరిగిన ట్యాక్సీనీ పుట్టిన తేదీతో పోల్చడం కంటే ఇది నయం. కానీ బీఎస్-4 అన్నది కూడా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున రాసిన జాతకమే. ఇవాళ గొట్టంలోంచి ఏం వస్తోందో అది చెప్పదు. జాతకం బాగుందని జ్వరం చూడకుండా పంపించే వైద్యుణ్ణి మనం ఒప్పుకోం కదా.

అయితే పాత కార్ల అభిమానులు చెప్పే మాటలన్నీ నేను నమ్మను. “మా బండి బాగా మెయింటైన్ చేశాం, పొగే రాదు” అంటారు. 1996 ఇంజిన్‌ను ఎంత ముద్దుగా చూసుకున్నా అది బీఎస్-6 ఇంజిన్ అయిపోదు. మన దేశంలో తొలి యూరో ప్రమాణాలు రావడానికి ముందు పుట్టిన బండి అది. కన్వర్టర్ లోపలి పూత అరిగిపోతే ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే పీయూసీలో గట్టెక్కినా, రోడ్డు మీద బరువు లాగేటప్పుడు లెక్క వేరుగా ఉంటుంది. ఐఐటీ కాన్పూర్ 2016 అధ్యయనం ఢిల్లీ పీఎం2.5 ఉద్గారాల్లో వాహనాల వాటా సుమారు 20 శాతమని చెప్పింది. అందులో ఆదివారం తిరిగే నాలుగు బెంజిల వంతు చాలా తక్కువన్నది నిజం. కానీ “నా వంతు తక్కువ” అన్న వాదన ఒప్పుకుంటే పంట వ్యర్థాలు తగలబెట్టే రైతు దగ్గర నుంచి టపాకాయ కాల్చే పిల్లాడి దాకా అందరూ ఆ మాటే చెప్తారు. నా రూమ్మేట్‌కు ఆస్తమా. నవంబరులో వాడు రాత్రిళ్లు కూర్చుని నిద్రపోతాడు. వాడి ముందు ఈ వాదన చేయడానికి నాకు నోరు రాదు.

ఇంకో మాట. ఈ చర్చలో బెంజి ఓనర్ల బాధే పత్రికల్లో ఎక్కువ కనపడుతుంది. సీఏక్యూఎం లెక్కలో ఢిల్లీలో కాలం చెల్లిన బళ్లు సుమారు 62 లక్షలైతే, అందులో 41 లక్షలు ద్విచక్ర వాహనాలు. కూరగాయల మూటతో ఆజాద్‌పూర్ మండీ నుంచి వచ్చే స్కూటరు అందులో ఉంది. మీరు ఎస్సే రాస్తే అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, హాబీ తర్వాత.

హాబీకి మాత్రం చట్టంలో చోటు ఉండకూడదా? ఉండాలనే నా వాదన. చోటు ఉంది కూడా, కానీ చాలా దూరంలో. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది: 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండాలి. నంబరులో వీఏ అక్షరాలు, ఫీజు 20 వేలు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ వాడకం లేదు. 1996 కారు అక్కడికి చేరాలంటే 2046 దాకా ఆగాలి. ఢిల్లీలో 15 నుంచి 50 మధ్య ముప్పై అయిదేళ్లు చట్టానికి ఆ కారు తుక్కు మాత్రమే. ఇదే కారు రాజమండ్రిలో ఉంటే ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకోసారి ఫీజు కట్టి నడుపుకోవచ్చు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 10 వేలకు పెంచారు, ఢిల్లీ ఎన్‌సీఆర్‌ను మినహాయించి.

ఆ కార్లు పుట్టిన దేశం ఏం చేసిందో చూడండి. జర్మనీలో 1997 నుంచి హెచ్-ప్లేటు ఉంది. 30 ఏళ్లు నిండి, అసలు స్థితిలో ఉందని నిపుణుడు తేల్చిన కారుకు నంబరు చివర హెచ్ అక్షరం, ఏడాదికి దాదాపు 192 యూరోల స్థిర పన్ను. 2008లో బెర్లిన్‌లో పొగబళ్లను ఆపే మండలం పెట్టినప్పుడూ వీటిని లోపలికి రానిచ్చారు. అలాగని అక్కడ ఎవరిష్టం వారిది కాదు. రెండేళ్లకోసారి కఠినమైన తనిఖీ ఉంటుంది. బండిలో చేసిన ముఖ్యమైన మార్పుకు అనుమతి కావాలి, కాగితాల్లోకి ఎక్కాలి. పొగనో శబ్దాన్నో దిగజార్చే మార్పు చేస్తే ఆ బండి నడిపే అనుమతే పోతుంది. చక్రం మార్చినవాణ్ణీ, పొగ శుభ్రం చేసే భాగం పీకేసినవాణ్ణీ ఒకే గాటన కట్టలేదన్నమాట.

మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. కాగితం మీద లోటు లేదు. అయితే అమలు దగ్గర దొరికేది వెడల్పు టైర్లూ మోత సైలెన్సర్లూ, ఎందుకంటే అవి కానిస్టేబుల్‌కు కనపడతాయి, వినపడతాయి. మూసేసిన ఈజీఆర్ కనపడదు.

నేనైతే రెండు పనులు అడుగుతాను. ఒకటి, 30 ఏళ్లు నిండి అసలు స్థితిలో ఉన్న కార్లకు ఒక వర్గం: ఏడాదికి ఇన్నే కిలోమీటర్లని పరిమితి, కన్వర్టర్ పనిచేస్తోందని తనిఖీ, గ్రాప్ మూడో దశ మొదలైతే బండి బయటికి రాకూడదు. మూడో దశలో బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లను ఇప్పటికే ఆపుతున్నారు కాబట్టి ఇది కొత్త భారం కాదు. రెండు, పీయూసీ కేంద్రాల్లో బండి కంప్యూటర్‌ను చదివే ఏర్పాటు, డీజిల్ బళ్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల కొలత. రెండోది చేయకుండా మొదటిది ఇవ్వమంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ సందులోంచి ముందు దూరేది మా పక్క టవర్ కుర్రాడి లాంటి వాళ్లే.

నెల క్రితం సొసైటీ నుంచి నోటీసు వచ్చింది, కారు తీసేయమని. “ఏవయ్యా, ఐఏఎస్‌కు చదువుతున్నావుగా, జవాబు నువ్వే రాయి” అన్నారు ఓనరు గారు. రాశాను. సొసైటీకి ఒకటి, రవాణా శాఖకు ఒకటి. గ్రాప్ మూడో దశలో ఇంజిన్ కూడా స్టార్ట్ చేయనని ఒక వాక్యం చేర్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేశారు. “బ్యాటరీ చచ్చిపోతుందయ్యా” అన్నారు. “చార్జరు పెట్టుకోవచ్చు కదండీ” అన్నాను. అప్పటికి ఏమీ అనలేదు. మొన్న ఆదివారం పార్కింగ్‌లో బానెట్ ఎత్తి ఉంది, బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంది. ఉత్తరం మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది, ఆ వాక్యం కొట్టేసి.