చచ్చిపోయినోడి మీద జోకులా? అవును, జోకులే

మనిషి పోయిన గంటకి మన సాఫ్ట్‌వేరోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏం జరుగుతుందో గమనించారా? ఒకడు ‘ఓం శాంతి’ అంటాడు. మిగతా నలభై మంది దాన్నే కాపీ కొట్టి అతికిస్తారు. సాయంత్రానికి ఒక చిన్న వ్యాసం దిగుతుంది. మృదుస్వభావి, స్నేహశీలి, అందరికీ తలలో నాలుక, తీరని లోటు... పేరు మార్చి ఇంకెవరికైనా వాడుకోవచ్చు. వాడుకుంటున్నాం కూడా! కోడ్‌లో ఈ పని చేస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తారు, చావు విషయంలో అడిగే దిక్కు లేదు.

ఈ కోపం ఎందుకంటే, ఈమధ్య నా మీద ఒక నేరం మోపారు. బేతంచెర్లలో మా ఫ్రెండు సంవత్సరీకానికి వెళ్ళి, వాడి మీద జోకులు చెప్పి, వాళ్ళింట్లోవాళ్ళని నవ్వించానట. ‘సందర్భం తెలీదా’ అన్నాడొకడు. ‘నీకసలు బాధే లేదా’ అన్నాడు ఇంకొకడు. ఒక పెద్దమనిషైతే (మా బ్యాచే, పెళ్ళయ్యాక పెద్దమనిషి అయినాడు) మన కల్చర్ గురించి క్లాసు పీకాడు.

సరే, కల్చర్ గురించే మాట్లాడుకుందాం. మా సీమ పల్లెల్లో ముసలాయన పోతే శవం ముందు తప్పెట్లు కొట్టి చిందేస్తారు. దినం నాడు సమాధి కాడ ఆయనకిష్టమైన కూర పెడతారు, బీడీ కట్ట పెడతారు, తాగేవాడైతే క్వార్టర్ సీసా కూడా పెడతారు. ‘స్వర్గీయులు మద్యానికి ఆమడ దూరం’ అని ఎవరూ అబద్ధమాడరు. ‘ఇంద, తాగు, ఇప్పుడు తిట్టేవాళ్ళు లేరులే’ అని పెళ్ళామే అంటుంది. ఏడ్చేవాళ్ళు కూడా ఫక్కున నవ్వుతారు. బాబూ, ఇదీ మన కల్చరే. ‘తీరని లోటు’ అనేది పేపరోళ్ళ భాష.

ముసలాయన సంగతి వేరు, ఇరవై ఎనిమిదేళ్ళోడు గుండె ఆగి పోవడం వేరు అంటారు. నిజమే. పాడె లేచిన రోజు నేనేం జోకులు వెయ్యలేదు, నోట మాటే రాలేదు. నేను మాట్లాడేది ఏడాది తర్వాత సంగతి.

మనం రోజూ రాసే పైథాన్ ఉంది కదా, దానికి ఆ పేరు పాము వల్ల రాలేదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం వల్ల వచ్చింది. అందులో గ్రాహం చాప్‌మన్ 1989లో పోయాడు. సంస్మరణ సభలో ఆయన జోడీ జాన్ క్లీజ్ లేచి, ఇద్దరూ కలిసి రాసిన చచ్చిన చిలక స్కిట్టు మాటలతో మొదలెట్టి, పోయినాయన్ని హాయిగా తిట్టిపోశాడు. మీకందరికీ షాకిచ్చే ఈ అవకాశం వదులుకుంటే గ్రాహం నన్ను క్షమించడు అన్నాడు. వాళ్ళకి బాధ లేదా? ఇరవై ఏళ్ళు పైగా కలిసి రాసినవాళ్ళు!

అంత దూరం ఎందుకు, 2011లో పోయిన ముళ్ళపూడి వెంకటరమణ గారు ‘కోతి కొమ్మచ్చి’లో చిన్నప్పటి తన ఆకలిని కూడా నవ్విస్తూ చెప్పుకున్నారు. ఆయనకి కూడా ఎవడో ఒకడు ‘తీరని లోటు’ రాసే ఉంటాడు, పందెం :)

ఇప్పుడు మావాడి దగ్గరికి వస్తా. మృదుస్వభావి అట! గిన్నెలు కడిగే వంతు వచ్చిన రోజల్లా వాడికి జ్వరం వచ్చేది. వాళ్ళ నాయనది బండల పాలిషు పని. బేతంచెర్ల నాపరాయి మీలో ఎంతోమంది తొక్కే ఉంటారు. వీడు ఏ బిల్డింగులోకి పోయినా ముందు కిందకి చూసేవాడు, వేలి కణుపుతో కొట్టి వినేవాడు, ‘ఇది మాది కాదు, తాండూరుది, మోసపోయినారు’ అని తీర్పు చెప్పేవాడు. వాడి మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో అన్నీ అయ్యాక ‘మమ్మల్నేమైనా అడగాలా?’ అన్నారట. ఎవరైనా ఏమడుగుతారు? ప్రాజెక్టు, టెక్నాలజీ, ఆన్‌సైట్. వీడు ‘ఈ బండలు అడుగు ఎంత పడింది సార్?’ అన్నాడు. ఉద్యోగం వచ్చింది!

ఇంకోసారి మమ్మల్నందరినీ వాళ్ళ ఊరి దగ్గర బిల్లసర్గం గుహలకి తీసుకుపోయాడు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడ తవ్వితే ఎప్పటివో జంతువుల ఎముకలు దొరికాయి, ఖడ్గమృగానివి కూడా. ఇదంతా ఎండలో నిలబెట్టి గంటసేపు చెప్పాడు. చెప్తుంటే వాడి కాలికే ఒక ఎముక తగిలింది. ఇంకేముంది! కర్చీఫులో చుట్టి, బ్యాగులో పెట్టి ఇంటికి తెచ్చాడు. వాళ్ళమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ‘పొట్టేలు కాలు రా ఇది, ఎవరో వండుకోని తిని పారేసినారు’ అనింది. వాడు మాత్రం ఆమెకి ఆర్కియాలజీ తెలీదన్నాడు.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక ఆమె వచ్చి మా పక్కన కూర్చుంది. ‘ఆడ మావాడు ఎట్లుండేవాడు నాయనా?’ అని అడిగింది. మావాళ్ళు వరసగా ‘చాలా మంచోడమ్మా’ అన్నారు. ఆమె తలూపింది. మంచోడని కన్నతల్లికి మనం చెప్పాలా? ఆమెకి తెలీనిది ఇంజనీరింగు నాలుగేళ్ళు, కూకట్‌పల్లి రూములో ఆరేళ్ళు. ఆ పదేళ్ళలో కొడుకు ఆమెకి దొరికింది పండగలకి, మిగతా రోజుల్లో ఫోన్లో ‘తిన్నావా’, ‘తిన్నా’. ఆ పదేళ్ళూ ఉన్నది మన దగ్గర. అది జేబులో దాచుకుని, ‘మంచోడు’ అని చీటీ రాసి చేతిలో పెట్టడం మర్యాదట!

అందుకే ఇంటర్వ్యూ కథ చెప్పాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ‘ఆ ఎముక నేనే దిబ్బలో పడేసినా, వారం నాతో మాట్లాడలే’ అని తన వైపు కథ తను చెప్పింది, అది మాకు తెలీదు. పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడని వాళ్ళ నాయన స్తంభానికి ఆనుకునే ఉండి, ‘ఇంతకీ అడుగు ఎంత చెప్పినారంట?’ అని అడిగాడు.

ఇది చూసి కూడా ‘సందర్భం’ అంటే ఏం చెప్పను. కల్చర్ క్లాసు పీకిన పెద్దమనిషీ, గోకర్ణ ట్రిప్పులో వాడు లాడ్జి తాళం పోగొట్టుకున్న కథ నీ ఒక్కడికే పూర్తిగా తెలుసు, మేమంతా నిద్రపోయాం. ఆ కథ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. సాయంత్రం ఆరు దాటాక చెయ్యి, అప్పటికి వాళ్ళ నాయన కూడా పని నుంచి వచ్చేస్తాడు.